ఆడిషన్ తర్వాత ఫోన్ ఎందుకు రాదు?

ఏప్రిల్ వచ్చిందంటే మన ఇళ్లలో అందరి చెవులూ నాన్న ఫోన్ మీదే ఉంటాయి. బదిలీ లిస్టు వచ్చిందా? ఏ ఊరు? ఈ ఎదురుచూపు మనకు అలవాటే. కిందటేడు నాకు ఇంకో ఎదురుచూపు తోడైంది. హైదరాబాద్‌లో ఒక సినిమాకు, హీరోయిన్ చిన్నప్పటి పాత్ర కోసం ఆడిషన్ ఇచ్చాను. "చెప్తామమ్మా" అన్నారు. నలభై రోజులైనా ఫోన్ రాలేదు. నాకు నటన రాదని తేలిపోయిందనుకుని ఏడ్చాను కూడా.

మా మామయ్య సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్. లోపల ఏం జరుగుతుందో ఆయన చెప్పాడు.

ఆడిషన్‌లో మనం కెమెరా ముందు పేరు, వయసు, ఎత్తు చెప్తాం. ముఖాన్ని రెండు పక్కలకూ తిప్పి చూపిస్తాం. తర్వాత ఇచ్చిన సీను చేస్తాం. కాస్టింగ్ వాళ్లు ఆ వీడియోలన్నీ చూసి, కొన్నింటిని ఏరి దర్శకుడికి పంపుతారు. ఆయనకు నచ్చినవాళ్లను మళ్లీ పిలిచి, పాత్ర దుస్తులు వేసి లుక్ టెస్ట్ చేస్తారు. ఇంతలో డేట్లు కుదరక హీరోయిన్ మారిందనుకోండి, చిన్నప్పటి పాత్ర కోసం వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. పోలికలు కలవాలి కదా! మొదట అనుకున్న పాప రాలేకపోతే రెండో పాపను పిలవాల్సి రావచ్చు. అందుకే ఎవరికీ "వద్దు" అని తేల్చి చెప్పరు. ఇది మాత్రం నాకు నచ్చలేదు. అంతా అయ్యాకైనా ఒక్క మెసేజ్ పెడితే ఏం పోయింది?

పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. మనం పెరిగిపోతాం. 'పథేర్ పాంచాలి'లో అపూ పాత్ర కోసం సత్యజిత్ రాయ్ పేపర్లో ప్రకటన ఇచ్చి పిల్లల్ని చూశారు. ఎవరూ కుదరలేదు. చివరికి పక్కింటి దగ్గర ఆడుకుంటున్న అబ్బాయిని ఆయన భార్య చూపించారు. 1952లో మొదలైన షూటింగ్ డబ్బులేక ఆగుతూ సాగింది. సినిమా 1955లో విడుదలైంది. అన్నాళ్లూ అపూ గొంతు మారకపోవడం, దుర్గ పెద్దదైపోకపోవడం తన అదృష్టమని రాయ్ తర్వాత చెప్పారు.

ఎంపికైనా వెంటనే షూటింగ్‌కు వెళ్లడం కుదరదు. 14 ఏళ్లలోపు పిల్లలతో నటింపజేయాలంటే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. 2017 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, 3 గంటలకు మించి విరామం లేకుండా ఉంచకూడదు. వరుసగా 27 రోజులు దాటకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవేవీ చెప్పకుండా "ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవాళ్ల జోలికి వెళ్లొద్దన్నాడు మామయ్య.

మేలో నాన్నకు జోధ్‌పూర్ ఆర్డరు వచ్చింది. అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్దామా అని ఆలోచించింది. టీసీ తీసుకోవడానికి కూడా రెండుసార్లు వెనకాడింది. "రాని ఫోన్ కోసం పిల్లను వదిలి వెళ్తావా అక్కా? రోజూ ఫోన్ చేసి విసిగించొద్దు. ఒక్క మెసేజ్ పెట్టు, చాలు" అన్నాడు మామయ్య. జూన్ నుంచి జోధ్‌పూర్‌లో ఉంటామని, నంబరు మారదని, పిలిస్తే రెండు రోజుల్లో రాగలమని రాసి, నా కొత్త ఎత్తు కూడా చేర్చి పంపాం. అప్పటికే సెంటీమీటరు పెరిగాను మరి. పక్కనే రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

ఈ దసరా సెలవుల్లో ఆ సినిమా చూశాం. ఆ పాత్ర వేసిన అమ్మాయి బాగా చేసింది. హీరోయిన్‌కు ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంటుంది. ఆ అమ్మాయికీ సరిగ్గా అక్కడే ఉంది. నాకు రెండు బుగ్గల మీదా లేదు.