జాడీ వేరు, సీసా వేరు

వేసవిలో కాయగూర విరివిగా దొరుకుతుంది. ఆ తరువాతి నెలలలో కొరత వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను సరిపెట్టుకొనడానికి ప్రతి దేశపు గృహిణీ ఏదో ఒక ఉపాయం చేసుకొన్నది. ఎండలు ముదిరే వేళకు మన ఇళ్ళలో జాడీలు కడిగి ఆరబెడతారు. మంచు కురిసే దేశాలలో వేసవి చివర గాజుసీసాలు కడిగి పెట్టుకొంటారు. మన ముందున్నది వానకాలం, వారి ముందున్నది చలికాలం. ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ చలిదేశాలలోనే స్థిరపడి, పెరట్లో బీన్సు, టొమాటో, గోంగూర పెంచుకొంటున్నవి. కాబట్టి ఈ రెండు పద్ధతులకూ గల భేదం మనకూ తెలియవలసి ఉన్నది. పైకి ఒక్కటిగానే కనబడినా, ఒకదానిలో పనికివచ్చిన అనుభవం రెండవదానిలో ప్రమాదం తెచ్చిపెట్టవచ్చును.

కాయగూర కుళ్ళిపోవడానికి ముఖ్యకారణం కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి పెరగడానికి తేమ కావాలి. ఎక్కువ పులుపు, ఎక్కువ ఉప్పు ఉండరాదు. బూజువంటి వాటికి గాలి కూడా కావాలి. నిలవచేయడమంటే వీటిలో ఏదో ఒకటి వాటికి అందకుండా చేయడమే.

వంకాయ, గోరుచిక్కుడు, దోసకాయ ముక్కలను ఎండబెట్టి వరుగులు చేసినప్పుడు మనం తేమను తీసివేస్తున్నాము. ఆవకాయలో పని ఇంకా గట్టిగా సాగుతుంది. మామిడికాయకు పులుపు స్వభావసిద్ధమైనది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. జాడీలో ఊట ఊరడం అదే. నూటికి 15 పాళ్ళకు మించి ఉప్పు ఉన్నచోట చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. ఆవపిండి ఘాటు కూడా కొంత తోడుపడుతుంది. పైన తేలే నూనె గాలిని ఆపి బూజు పట్టకుండా చూస్తుంది. తడిచేయి పెట్టవద్దని పెద్దలు అనడంలోనూ అర్థమున్నది: నీటిచుక్క పడినచోట ఉప్పు పలచబడి బూజుకు తావు దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. పచ్చడిని కాపాడేవి ముఖ్యంగా ఉప్పు, పులుపు. నూనె కేవలం మూతవంటిది.

సీసా పద్ధతి వేరు. ఫ్రాన్సు దేశంలో నికొలా అపేర్ అనే ఆయన, ఆహారాన్ని గాజుసీసాలో పెట్టి, బిగించి, నీళ్ళలో మరగబెడితే చాలాకాలం నిలవ ఉంటుందని చూపి, 1810లో ప్రభుత్వం నుండి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందినాడు. అది ఎందుచేత నిలుస్తున్నదో ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ పరిశోధనలతో, దాదాపు అర్ధశతాబ్దం తరువాత గాని స్పష్టపడలేదు. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత గల సీసాకు పేటెంటు పొందిన తరువాత ఈ పని ఇంటింటికీ సులభమైనది.

ఈ పద్ధతిలో కాపాడేది వేడి ఒక్కటే. ఆ వేడికి లొంగని శత్రువు ఒకటి ఉన్నది. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. కూరలతోపాటు వంటింటికి వస్తుంది. దాని బీజాలు నీరు మరిగే వేడికి చావవు. పైగా గాలి లేని చోటే అది పెరుగుతుంది. పులుపు లేని కూరను ఉడికించి, గాలి చొరకుండా బిగించి, అలమరలో ఉంచితే దానికి కావలసిన వసతులన్నీ మనమే సమకూర్చినట్లవుతుంది. అది పుట్టించే విషానికి రంగు, రుచి, వాసన లేవు. ఆ విషం సోకినవారికి ఒకటి రెండుగా కనబడడం, రెప్పలు వాలడం, మాట తడబడడం, మ్రింగుడు పడకపోవడం మొదలై, చివరకు ఊపిరి తీయడమే కష్టమవుతుంది. ఈ లక్షణాలు కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. విరుగుడు మందు ఉన్నది; ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

ఆమ్లతను కొలిచే పి.హెచ్. మానంలో 4.6 ఇందుకు సరిహద్దు. అంతకు తక్కువ అంకె ఉంటే పులుపు ఎక్కువ. అక్కడ ఆ బీజాలు మొలకెత్తి విషం పుట్టించలేవు. మామిడి, నిమ్మ ఈ వైపున ఉన్నవి. బీన్సు, బఠాణీ, బెండ, కారెట్టు ఆ వైపున ఉన్నవి. వీటిని సీసాలో పెట్టడానికి ఆవిరి ఒత్తిడితో సుమారు 116 డిగ్రీల సెల్సియస్ వేడిని అందించే ప్రత్యేక పాత్ర కావాలి; పరీక్షించి ప్రకటించిన పట్టికలో చెప్పిన కాలం పాటించాలి. మన వంటింటి చిన్న కుక్కరు ఇందుకు చాలదు. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ఆ పట్టికలు దానికోసం లెక్కకట్టినవి కావు. అటువంటి పాత్ర లేనివారు పరీక్షించిన కొలతల ప్రకారం బీన్సును వెనిగరులో ఊరవేయవచ్చును, లేదా ఫ్రీజరులో దాచవచ్చును. టొమాటో సరిహద్దు మీద ఉన్నది. కనుక అరలీటరు సీసాకు ఒక పెద్ద చెంచా చొప్పున, అంగడిలో దొరికే సీసా నిమ్మరసం చేర్చాలి. ఇంట పిండిన రసం పులుపు కాయకాయకూ మారుతుంది.

ఈ సంగతి జాడీ పెట్టుకొనేవారికి కూడా వర్తిస్తుంది. రక్తపు పోటు కారణంగా పచ్చడిలో ఉప్పు తగ్గించుకొనడం మంచిదే. కాని ఉప్పు తగ్గిన పచ్చడిని ఏడాది జాడీగా భావించరాదు. కొద్దిగా కలుపుకొని, ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా వాడుకోవాలి. ఆవకాయలో వెల్లుల్లి ఉన్నది కదా అని, పచ్చి వెల్లుల్లిని వట్టి నూనెలో వేసి బయట నిలవచేయడం కూడా తగదు. ఆవకాయలో దానికి ఉప్పు, పులుపు కాపలా ఉన్నవి. వట్టి నూనెలో ఏ కాపలా లేదు.

మూత ఉబ్బిన సీసాను, తెరిచినప్పుడు చిమ్మిన సీసాను రుచి చూడకుండానే పారవేయాలి. మూత సరిగా ఉన్నంతమాత్రాన లోపలి పదార్థం మంచిదని నమ్మరాదు. దానిని ఎట్లు చేసినారో తెలిస్తేనే నమ్మకం. సీసా బిగించేముందు ఒక ప్రశ్న వేసుకొంటే చాలు: దీనిని కాపాడుతున్నది ఉప్పా, పులుపా, ఎండా, వేడా? సమాధానం దొరకకపోతే ఆ కూరను ఆ పూటే వండుకొని తినడం ఉత్తమం.