పుస్తకముల యిల్లు

కొందరి యిండ్లలో కుర్చీలమీదను, మంచముల క్రిందను పుస్తకములే కనిపించును. చూచినవారు ఇల్లు చిందరవందరగా నున్నదందురు. కాని ఒక గ్రంథమున గలిగిన సందేహము వేరొక గ్రంథమున తీరును. అనువాదము చేయువాని చెంత మూలమును, నిఘంటువును తెరచియే యుండవలెను. చదువబడు పుస్తకము బీరువాలో కుదురుగా నుండదు.

నాటి కరీంనగరు జిల్లాలోని వంగరలో పెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగా రట్టి పుస్తకప్రియులు. వారు పెక్కు భాషలు నేర్చి, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను హిందీలోనికిని, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితము’ అను పేర తెలుగులోనికిని అనువదించిరి. 1991లో రాజకీయములనుండి విరమింపనెంచి, ఢిల్లీలో తమ పుస్తకములను పెట్టెలలో సర్దించిరి. కాని ఆ సంవత్సరము జూన్ 21న వారు ప్రధానమంత్రి యైరి.

ఇల్లు సర్దుట ఒక దినపు పని. చదువు జీవితకాలపు పని.