బోరు మోటారు: తీయవలసిన పెట్టె, ఉంచవలసిన పెట్టె

మన సింగరేణి బొగ్గే రామగుండములో కరెంటగుచున్నది. అయినను పూర్వము అది చేనికి వేళకాని వేళ వచ్చెడిది. చీకటిలో, పాముల భయముతో బోరు కడకు పోవు బాధను ఆటో స్టార్టరు తప్పించినది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలైన పిమ్మట దానివలన కీడే ఎక్కువ. పోయిన కరెంటు రాగానే ఊరి మోటార్లన్నియు ఒక్కసారి లేచును. లేచునపుడు మోటారు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటు గుంజును, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. చూచువారు లేక నడచిన మోటారు బోరును ఎండగొట్టును. దానిని తీసివేయుడు.

సింగిల్ ఫేజ్ ప్రివెంటరును మాత్రము తీయరాదు. మూడు ఫేజులలో ఒకటి పోయినచో, వైండింగు కాలకముందే అది మోటారును ఆపును. బోరులో నీరు అడుగంటినచో మోటారు గుంజు కరెంటు తగ్గును. ఆ తగ్గుదలను కనిపెట్టి ఆపు పెట్టెలు కూడ వచ్చినవి. మోటారును పైకి తీయించు ఖర్చు ఎరిగినవారికి వీని విలువ చెప్పనక్కరలేదు. పెట్టె బిగించు దినముననే ఎర్తు తీగను కూడ మెకానిక్కుచే చూపించుకొనుడు.