మీకు తెలుసా? చుక్కలు మారినా అంచు మారదు!

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో గోనియోబ్రాంకస్ స్ప్లెండిడస్ అనే సముద్రపు నత్త ఉంది. దీనికి గుల్ల ఉండదు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చుట్టూ పసుపు అంచుతో ఎంతో అందంగా ఉంటుంది. శాస్త్రలోకానికి ఇది 1864లో పరిచయమైంది.

● చోటు మారితే చుక్కలు వేరు: కొన్నిచోట్ల ఇవి విడివిడి చుక్కలు. మరికొన్నిచోట్ల పెద్ద ఎర్రటి మచ్చలు. ఎరుపులోనూ తేడా కనిపిస్తుంది. పసుపు అంచు మాత్రం అంతటా ఒక్కటే! బుటాలు ఎన్ని రకాలున్నా ఒకే అంచుతో నేసిన చీరల్లా ఉంటాయివి.

● ఎందుకీ రంగులు? గుల్ల లేని ఈ జీవికి రుచే రక్షణ. ఒంట్లో దాచుకున్న రసాయనాల వల్ల ఇది తినడానికి ఏమాత్రం బాగుండదు. ‘నన్ను ముట్టుకోకు’ అని చేపలకు ముందే హెచ్చరించేవి ఈ రంగులే.

● అంచే ఎందుకు మారదు? 2017లో వెలువడిన పరిశోధనలో పికాసో ట్రిగ్గర్‌ఫిష్ అనే చేపను పరీక్షించారు. ఈ నత్త లాంటి రంగులతో కలిపి పెట్టిన చేదు ఆహారాన్ని అది గుర్తుపట్టి వదిలేసింది పసుపు అంచును బట్టే! చేపలు అంచునే గుర్తుంచుకుంటే, అది సరిగా లేని నత్తకు ప్రాణాపాయం ఎక్కువ. అందుకే అంచు తరతరాలుగా స్థిరంగా నిలిచిందని, ఎర్ర చుక్కలకు మాత్రం మారే స్వేచ్ఛ దక్కిందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

● తన అందం తనకే తెలియదు: ఈ జాతి నత్తల కళ్లు చాలా చిన్నవి. వెలుగు, చీకటి తేడా తెలుస్తుందే తప్ప, తమ రంగులను అవి చూసుకోలేవు. ఆ రంగులన్నీ చూసేవాళ్ల కోసమే!