పుట్టగొడుగు కంటే ముందు చెట్టును చూడండి

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాటికి హైదరాబాదు నేల బాగా తడిసి ఉంటుంది. అమీర్‌పేట, పంజాగుట్ట కాలనీ పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల పచ్చికలో, కానుగ చెట్ల మొదళ్లలో పుట్టగొడుగులు లేస్తాయి. ఫొటో తీసి ఫోన్‌లో వెతికితే లాక్టేరియస్ అనే పేరు ఎదురుకావచ్చు. తుంచితే పాలు కారే పుట్టగొడుగుల ప్రజాతి అది. యూరప్ అడవుల్లో సర్వసాధారణం. బల్కంపేట వీధి చెట్ల కింద మాత్రం మొలవదు. ఎందుకు మొలవదో అర్థమైతే, పుట్టగొడుగులను గుర్తించే విద్యలో సగం చేతికి వచ్చినట్టే.

పెర్సూన్ అనే శాస్త్రవేత్త 1797లో ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. గొడుగు కింది రేకులకు గాటు పెడితే పాలు చిమ్ముతాయి. ఓక్ చెట్ల కింద పెరిగే లాక్టేరియస్ క్వైటస్‌కు మీగడ రంగు పాలు, పైన్ చెట్ల కింది డెలిషియోసస్‌కు క్యారెట్ రంగు పాలు, ఉత్తర అమెరికాలోని ఇండిగోకు నీలం పాలు. డెలిషియోసస్‌ను నలిపిన చోట కాసేపటికి ఆకుపచ్చ మరకలు తేలతాయి. అందుకే పాల రంగేమిటి, గాలి తగిలాక మారిందా, ఎంతసేపటికి మారింది అన్నవి అడవిలోనే రాసుకోవాలి. ఇంటికి తెచ్చేసరికి పాలు ఆరిపోతాయి. కాడను విరిస్తే పీచులుగా చీలదు, సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. దాని కండలో పొడవాటి పోగులతో పాటు గుండ్రటి కణాల గుంపులు ఉండటమే కారణం. దగ్గరి చుట్టమైన రసులా కూడా ఇలాగే విరుగుతుంది కానీ పాలు రావు.

ఆ పాలు ఎందుకు? కొన్ని జాతుల్లో, దెబ్బ తగలకముందు పాలలో ఘాటు ఉండదు. పురుగో నత్తో కొరికిన క్షణాల్లో ఎంజైములు పనిచేసి, లోపల దాచిన పదార్థాన్ని నాలుక మండించే రసాయనంగా మార్చేస్తాయి. అవసరమైనప్పుడే తయారయ్యే ఈ ఆయుధం నన్ను ఎంతో ఆశ్చర్యపరుస్తుంది.

ఇక చెట్టు సంగతి. లాక్టేరియస్ ఒంటరిగా బతకదు. దాని పోగులు చెట్టు వేరు కొసలకు తొడుగులా చుట్టుకుని భాస్వరం, నత్రజని అందిస్తాయి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. ఓక్, పైన్, బీచ్, మన దేశంలో సాల వృక్షం ఇలాంటి పొత్తు కట్టే చెట్లు. మన వీధుల్లోని వేప, కానుగ, రావి వేరే రకం శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకుంటాయి. అవి వేరు కణాల లోపలికి చొరబడి ఉంటాయి, గొడుగులు ఎత్తవు. ఎంత వాన కురిసినా వేప కింద లాక్టేరియస్ రాదన్నది ఇందుకే.

మన రాష్ట్రాల్లో వెతకదగిన చోట్లు లేకపోలేదు. ఉత్తరాంధ్ర కొండల్లో గుగ్గిలం చెట్లున్నాయి. సాల వృక్షమంటే అదే. శేషాచలంలో దాని కుటుంబానికే చెందిన జాలారి, తంబుగ్గాయి ఉన్నాయి. పక్కనే బస్తర్ సంతల్లో తొలకరికి అమ్మే ‘బోడ’ సాల వేళ్లతో పొత్తు కట్టిన మరో శిలీంధ్రమే. వృక్షశాస్త్ర విద్యార్థులు వానాకాలంలో ఆ చెట్ల కిందికి వెళ్లి చూడాలని నా గట్టి కోరిక.

మరి మన పచ్చికలో లేచేదేమిటి? తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పొలుసులతో, పళ్లెమంత వెడల్పు వరకు పెరిగేది కనిపిస్తే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ కావచ్చు. విషం. తిన్న కొద్ది గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దీన్ని చెదపుట్టల మీద మొలిచే, తినదగిన పుట్టకొక్కు అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. పుట్టకొక్కుకు చెదల గూటి దాకా దిగే పొడవాటి వేరులాంటి కాడ ఉంటుంది, క్లోరోఫిల్లమ్‌కు ఉండదు. మరో పరీక్ష ఉంది. గొడుగును కాడ నుంచి వేరుచేసి తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. రాలిన సిద్ధబీజాల పొడి ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లమ్, లేత గులాబీ ఛాయ అయితే పుట్టకొక్కు వైపు సూచన. లాక్టేరియస్ పొడి తెలుపు నుంచి లేత పసుపు దాకా ఉంటుంది. అయితే అమానిటా అనే మరో ప్రజాతిలోని ప్రాణాంతకమైన పుట్టగొడుగుల పొడి కూడా తెల్లదే. కాబట్టి ఈ పరీక్ష పేరు తెలుసుకోవడానికే గానీ, తినడానికి అనుమతి కాదు.

వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు కొరికితే మంచిదని, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుందని చెప్పుకునే మాటలన్నీ తప్పు. కొన్ని అమానిటాల విషం ఉడికించినా చావదు. లక్షణాలు ఆరు గంటల తర్వాత గానీ బయటపడవు, ఆలోగా కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. దారిన మొలిచినదాన్ని వండకండి. ఎవరైనా తిన్నారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన ముక్కను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి, అది ఏ చెట్టు దగ్గర మొలిచిందో రాసి వైద్యుడికి ఇవ్వండి.