పాఠం వినడం - పాఠం అప్పజెప్పడం

మొగుళ్లపల్లి ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోని మండలం. 2016 అక్టోబరు నుండి భూపాలపల్లి జిల్లాలో చేరింది. కరోనా మూలంగా బడులు మూతపడిన 2020వ సంవత్సరంలో, సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు ప్రారంభించింది. ఇటువంటి మారుమూల మండలాలకు సయితం పట్నంలోని సర్కారు బడి పిల్లలకు అందే పాఠమే అందింది. ఇది చిన్న విషయం కాదు. ఐతే పాఠం అందడం వేరు, పాఠం రావడం వేరు. ఈ తేడా మన మదర్సాల పాత పద్ధతిని చూస్తే చక్కగా బోధపడుతుంది.

మదర్సా చదువులోని మూడు మెట్లు పాఠకులలో చాలామందికి తెలిసినవే. రేపటి పాఠాన్ని విద్యార్థి ముందురోజు రాత్రే తనంతట తాను చదివి, అర్థంకాని చోట్లను గుర్తు పెట్టుకోవడం ముతాలఆ. మరునాడు ఉస్తాద్ ఎదుట ఒక విద్యార్థి మూలవాక్యం చదవగా ఆయన వివరించడం దర్స్. ఆ తరువాత విద్యార్థులు గుంపుగా కూర్చోగా, వారిలో ఒకడు అదే పాఠాన్ని మిగతావారికి తిరిగి చెప్పడం తక్రార్. హిఫ్జ్ పిల్లలైతే కొత్తదైన సబఖ్, ఇటీవలిదైన సబఖీ, పాతదైన మంజిల్ - మూడింటినీ అప్పజెప్పవలసిందే. అక్కడ ఎక్కువసేపు నోరు విప్పేది పిల్లవాడు. ఉస్తాద్ పని వినడం, తప్పు దొర్లినచోట ఆపడం.

రేడియో మొదలు చేతి ఫోను వరకు వచ్చిన సాధనాలు ఎక్కువగా దర్స్‌నే పెంచాయి. ముతాలఆ, తక్రార్‌లు పిల్లవాని ఓపికకే మిగిలాయి. చూడండి: ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గళంలో సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం 1961లో ఈజిప్టులో రికార్డుగా వెలువడింది. ఈనాడు ఏ పల్లెలో ఉన్న పిల్లవాడైనా దానిని వినగలడు. కాని ఎన్నిసార్లు విన్నా, తాను 'ఐన్'ను 'అలిఫ్'లాగా పలుకుతున్న సంగతి ఆ రికార్డు అతనికి చెప్పదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) వివిధ పట్టణాలకు ముస్‌హఫ్ ప్రతులు పంపినప్పుడు వాటి వెంట ఖారీలను కూడా పంపారన్న ఉల్లేఖనాలు ఇక్కడ గమనార్హం. పారాయణం విని, తప్పిన పదాన్ని చూపే యాప్‌లు ఇటీవల వచ్చిన మాట నిజమే. మరచిన మాటను అవి పట్టుకుంటాయి. ఉచ్చారణ దిద్దడంలో మాత్రం వాటిని ఉస్తాద్‌తో సమానంగా నమ్మడానికి ఇంకా వీలులేదు.

దృశ్య పాఠాలు తెలుగు పల్లెలకు కొత్తవి కావు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఊరుమ్మడి పెట్టె ముందు పిల్లలంతా కలిసి కూర్చునేవారు. అర్థంకానిది పక్కవాణ్ణి అడగవచ్చు, పంతులుగారిని అడగవచ్చు. పోలిక సరిగా కుదిరినా కుదరకపోయినా, తక్రార్‌కు అక్కడ చోటుంది. ఫోను తెర ముందు పిల్లవాడు ఒంటరి. పైగా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తండ్రి జేబులో వేసుకొని పత్తి చేనుకు పోతే ఆనాటి పాఠమే లేదు.

ఫోను లేకపోవడం క్రమంగా తగ్గుతున్న ఇబ్బంది. 'అసర్' సర్వేల ప్రకారం గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020 నాటికి 61.8 శాతం. 14-18 ఏండ్ల వారిపై 2023లో జరిగిన సర్వేలో దాదాపు 90 శాతం ఇండ్లలో అది ఉంది. ఐనా ఆ వయసువారిలో నాలుగోవంతు మంది రెండవ తరగతి స్థాయి పాఠాన్ని తమ ప్రాంతీయ భాషలో ధారాళంగా చదవలేకపోయారు. ఈ లోపానికి ఫోనే కారణమనడం అన్యాయం. అది అంతకుముందునుంచీ ఉన్నదే. ఫోను వచ్చినంత మాత్రాన తీరలేదన్నది మాత్రం స్పష్టం.

లాక్‌డౌన్ రోజుల్లో కొందరు ఉస్తాద్‌లు మామూలు ఫోనులోనే పిల్లల సబఖ్ విన్నారు. తెర లేదు, బొమ్మ లేదు. పిల్లవాడు చదువుతాడు, అవతల ఒకరు వింటారు, తప్పగానే ఆపుతారు. సాధనం అదే, పని తలకిందులైంది. ఐతే ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున ముప్పై మంది పాఠం వినడానికి ఐదు గంటలు పడుతుంది. పాఠం చెప్పే వీడియో ఒక్కసారి తీస్తే లక్షమందికి చాలుతుంది. వినే ఉస్తాద్ ముప్పై మందికే చాలుతాడు. ఖర్చు లెక్క వేసేవారు మొదటిదానివైపే మొగ్గడంలో వింతలేదు.