నరసింహముగారి రెండు తీర్పులు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టరైతు వాననే నమ్ముకొని విత్తును. వింజమూరు పరిసరముల వాన తప్పిన యేట పంట పోవును గాని వడ్డీ పోదు. ఇట్టి రైతునకు చిరకాలము షావుకారు వాకిలియే దిక్కయ్యెను. ఆ వాకిలికి ప్రక్కగా బ్యాంకు తలుపును తెరిపించిన వారిలో ముఖ్యులు మైదవోలు నరసింహముగారు.

వీరు 1927లో జన్మించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను కేంబ్రిడ్జిలోను చదివి, 1950లో రిజర్వు బ్యాంకు పరిశోధన శాఖలో ప్రవేశించిరి. ఆ సంస్థ యుద్యోగివర్గమునుండి గవర్నరైనవారు వీరొక్కరే. 1977లో ఏడు మాసములే ఆ పదవి వహించిరి. పిమ్మట కేంద్ర ఆర్థిక కార్యదర్శిగను, హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కళాశాల ప్రిన్సిపాలుగను పనిచేసి, 2021లో పరమపదించిరి.

పదవులకంటె వారి తీర్పులే మనకు ముఖ్యములు. మొదటిది 1975 నాటిది. పట్టణపు బ్యాంకులు పల్లెరైతు నెరుగవు. సహకార సంఘములకు ధనబలము చాలదు. కావున స్థానిక పరిజ్ఞానమును, బ్యాంకు క్రమశిక్షణను కలిపి గ్రామీణ బ్యాంకులను స్థాపింపవలెనని వీరి సంఘము సూచించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2న తొలి యైదు బ్యాంకులు వెలసెను. నెల్లూరు జిల్లాలోని పినాకినీ గ్రామీణ బ్యాంకు ఆ వంశములోనిదే. అది 2006లో ఆంధ్ర ప్రగతియందును, ఆ ప్రగతి 2025లో రాష్ట్రమంతటికి నొక్కటియైన గ్రామీణ బ్యాంకునందును లీనమయ్యెను.

రెండవ తీర్పు 1991లో వెలువడెను. నాడు డిపాజిట్లలో నూటికి 38.5 వంతు సర్కారు పత్రములకును, 15 వంతు రిజర్వు బ్యాంకు నిల్వకును పోవుచుండెను. ఈ బరువును తగ్గింపుమనిరి. రాని బాకీలను వచ్చునట్లు లెక్కలలో చూపవలదనిరి. ఇంతవరకు న్యాయమే. కాని వ్యవసాయాదులకు ప్రత్యేకించిన 40 వంతుల రుణమును 10 వంతులకు దింపుమనియు సూచించిరి. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. అంగీకరింపకుండుటయే మేలని మా యభిప్రాయము. లాభమొక్కటే దారి చూపినచో బ్యాంకు కాలువక్రింది మాగాణికి పోవును గాని మెట్టకు రాదు.

అయినను ఒకే మేధావి రెండు తీర్పులిచ్చుట పరస్పర విరుద్ధమని మేము తలపము. దివాలా తీసిన బ్యాంకు ఎవరికిని అప్పీయజాలదు. అందు మునుగునది వింజమూరు గృహస్థుడు దాచుకొన్న సొమ్మే. తీర్చగలిగియు రుణమాఫీకై యెదురుచూచు భూస్వామి, నిజముగా పంట పోయిన పొరుగువాని అప్పును దూరము చేయుచున్నాడు.

బ్యాంకులు కలిసి పెద్దవగుచున్న నేటి దినములలో మన మడుగవలసిన ప్రశ్న యొక్కటే: మెట్టరైతు నెరిగిన యుద్యోగి ఆ శాఖలో మిగిలియున్నాడా? 1975 తీర్పునకు ప్రాణము అతడే.